పదికి ఎంత?

నందిగామలో ఓ ప్రైవేటు ఆసుపత్రి. క్యాన్సర్ ముదిరిన వత్సవాయి రైతు బ్రహ్మయ్య మంచం పక్కన డాక్టర్ నీరజ.

“కదలొద్దు బ్రహ్మయ్య గారూ! చెప్పండి, నొప్పి పదికి ఎంతుంది?”

“పదకొండు! మీ లెక్కలో పదకొండు లేకపోతే నేనేం చేసేదమ్మా… అబ్బా!”

“కాస్త ఓర్చుకోండి. ఇంజెక్షన్ల బీరువా తాళం మా అమ్మాయి దగ్గరుంది. ఫోన్ ఎత్తట్లేదు. డ్యూటీ రూం తలుపు కొట్టి కొట్టి వచ్చా. నిద్రపోయినట్టుంది.”

“చందనమ్మా? పడుకుందా?”

“వరసగా డ్యూటీలు. కొత్త డాక్టర్ల బతుకంతే. అది సరే, మీ సంగతి చెప్పండి. పూటపూటా మార్ఫిన్ బిళ్ల వేసుకునే మనిషి ఇలా అరవకూడదు. మూత్రం పరీక్ష చేయించా. ఒంట్లో మందు జాడే లేదు.”

“వేసుకున్నానమ్మా.”

“వేసుకోలేదు.”

“వేసుకున్నా.”

“కింద పోలీసులొచ్చారు. బిళ్లలు కాజేసి అమ్ముకుంటోందని నర్సు జీవరత్నం మీద మా ఓనరు చెన్నకేశవరావు గారు కేసు పెట్టారు.”

“జీవరత్నమా? కళ్లు పోతాయమ్మా ఆ మాటంటే! ఆ తల్లి నా చేతిలోనే పెట్టేది. అన్నం తిన్నాక వేసుకుంటాలే అని నేనే పంపించేసేవాణ్ణి.”

“తర్వాత?”

“కాసిని మంచినీళ్లివ్వండి.”

“ఇస్తా. తర్వాత ఏం చేసేవారు?”

“తువ్వాలు చెంగున ముడేసుకునేవాణ్ణి.”

“ఎందుకు? అన్నీ ఒకేసారి మింగుదామనా?”

“ఛ! ఎలాగూ పోయేవాణ్ణి, నాకెందుకు తొందర? ఇంకొకళ్లకిచ్చా.”

“ఎవరికి?”

“చెప్పను. ఒట్టేశా.”

“చెప్పకపోతే జీవరత్నాన్ని జీపెక్కిస్తారు!”

“ఒట్టమ్మా… ఒట్టు.”

“పోనీ, పేరొద్దు. ఎందుకిచ్చారో చెప్పండి.”

“జాలేసి. రోజూ వచ్చి, నొప్పి ఎంతుంది తాతయ్యా అని అడిగి రాసుకెళ్లేది. ఓరోజు పెన్ను జారిపోయింది. ఒకటే ఏడుపు. నీది పదికి ఎంతమ్మా అన్నా. పది, అంది. ఎక్కడ నొప్పో చూపించమన్నా. చెయ్యి పెట్టడానికి చోటు దొరకలా ఆ పిల్లకి.”

“ఆ నొప్పుల సర్వే నాదే. మా కొత్త డాక్టర్లు నలుగురు తిరుగుతున్నారు. మహిమా?”

“కాదు.”

“నాగశ్రీనా?”

“అడక్కండమ్మా.”

“డాక్టర్లు డ్యూటీల్లో ఎట్లా నలిగిపోతున్నారో కూడా ఏళ్ల తరబడి పరిశోధిస్తున్నా. మొన్న జగ్గయ్యపేట మీటింగులోనూ చెప్పా, బాధని దాచుకోవద్దు, మాకు చెప్పుకోండని. పిల్లలంతా ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టారు! నా దగ్గరికొస్తే నేను చూసుకోనా?”

“నేనూ అదే అన్నా. ఈ ముసలాడికి కాదు, మీ అమ్మకి చెప్పుకో తల్లీ అన్నా.”

“ఏమంది?”

“అమ్మ వినదు తాతయ్యా, రాసుకుంటుంది, అంది.”

“ఇవిగో… మీ మంచినీళ్లు.”

“డాక్టరమ్మా?”

“ఎవరి… ఎవరి అమ్మ?”

“ఒట్టేశానమ్మా. అది మాత్రం అడక్కండి.”

“చివరిసారి ఎప్పుడిచ్చారు? చెప్పండి బ్రహ్మయ్య గారూ!”

“ఈ పొద్దున్నే. ఎన్నుంటే అన్నీ ఇమ్మంది. ముడి విప్పి చేతిలో పోశా. నిద్రపోవాలి తాతయ్యా, ఇంక బాగా నిద్రపోవాలి, అంది. నిజంగా నిద్రకే అనుకున్నానమ్మా! పల్లెటూరోణ్ణి, నాకేం తెలుసు?”

“పేరు.”

“మీకు తెలిసిపోయింది. మళ్లీ నా నోటితో ఎందుకు?”

“చెప్పండి. నేను వినాలి.”

“మీ చందనమ్మే తల్లీ! ఇంకా నా దగ్గర నిలబడతారేం? పోయి ఆ తలుపు పగలగొట్టించండి!”