తొమ్మిదే చూపిస్తోంది

రియోలో తమ్ముడు జాసీర్, రెసీఫెలో అక్క ఇవోని. మధ్యలో ఫోను. తమ్ముడి ముందు బల్ల మీద, నాన్న కిట్టు తెప్పించుకుని ఇంట్లోనే కట్టిన హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్, మూత తీసి ఉంది.

“తొమ్మిదే చూపిస్తోందక్కా! మళ్ళీ తొమ్మిదే!”

“అరవకు. మీటరు నల్ల తీగ ఎక్కడ పెట్టావు?”

“నువ్వు చెప్పిన చోటే.”

“ఎర్రది?”

“అదీ నువ్వు చెప్పిన చోటే! పన్నెండు వోల్టులు రావాలన్నావు, తొమ్మిది వస్తోంది. పొద్దున్నుంచీ ఇదే గోల. ఈ మీటర్ని కిటికీలోంచి విసిరేస్తా.”

“అది నాన్న మీటరు. దాని వెనకే నిన్నూ విసురుతాడు. మైనస్ వైపు చూడు.”

“అక్కడా తొమ్మిదే. పాట మొదలవుతుంది, కాస్త సౌండ్ పెంచితే చాలు, గరగర.”

“కాలిన వాసనేమైనా వస్తోందా?”

“ఆ వాసన నాకంటే నీకే బాగా తెలుసు.”

“ఒరే.”

“మరి? నాన్న ప్రాణంలా చూసుకున్న రికార్డు ప్లేయర్ని నీ పెళ్ళికిస్తే, రెసీఫెలో దిగిన పూటే రెండొందల ఇరవై ప్లగ్గులో పెట్టి తగలెట్టింది ఎవరు?”

“మన రియోలో నూట పదేగా. ఊరు మారితే కరెంటు కూడా మారుతుందని నాకేం తెలుసు? అంతమాత్రానికి ఆరేళ్ళు మాట్లాడకుండా ఉంటాడా మనిషి?”

“నువ్వు మాత్రం చేశావా ఫోను?”

“...పని చూడు. నేను సాయం చేస్తున్నానని ఆయనకి చెప్పలేదుగా?”

“చెప్పలేదు తల్లీ. క్షవరానికి వెళ్ళాడు. వచ్చేలోపు తేల్చేయాలి. ఆదివారం ఆయన పుట్టినరోజు. చేతులు వణుకుతున్నాయి, ఇదే నా ఆఖరి పని అన్నాడక్కా. మూడు నెలలు కూర్చుని అతికాడు. తీరా అయ్యాక గుడ్డలో చుట్టి అలమరలో పెట్టేశాడు. తను వినడు, నన్ను విననివ్వడు. ముట్టుకుంటే ‘అది నీది కాదు’ అని కసురుతాడు. ఎందుకో ఇవాళ తెలిసింది. పాడైపోయిందని దాచుకున్నాడు.”

“నాన్న చేసింది పాడవదు.”

“డెబ్బై ఎనిమిదేళ్ళక్కా ఆయనకి.”

“పాడవదన్నానా! రెండు వైపులా ఒకేలా తగ్గిందంటే తప్పు బోర్డులో లేదు. దానికి వచ్చేదే తక్కువ వస్తోంది. మీటరు ఏసీకి తిప్పి, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే తీగల దగ్గర పెట్టు.”

“ఉండు... ఎనిమిదిన్నర పైన. నీకివన్నీ ఎలా గుర్తున్నాయే?”

“నువ్వు బంతి వెనక పరిగెడుతుంటే నేను ఆయన పక్కన కూర్చునేదాన్ని. పని అయ్యాక ఒకే హెడ్‌ఫోన్ చెరో చెవికి పెట్టుకుని రికార్డులు వినేవాళ్ళం... అక్కడ పదిహేను ఉండాలి. గోడ ప్లగ్గులో ఎంత?”

“నూట ఇరవై ఏడు. పేరుకేగా నూట పది.”

“అయితే ట్రాన్స్‌ఫార్మరే. ప్లగ్గు పీకు. పీకావా?”

“పీకా, పీకా.”

“గోడ వైపు నాలుగు తీగలుంటాయి. ఎలా కలిపాడు?”

“మధ్యవి రెండూ ఒకదానికొకటి అతికాడు. చివరివి రెండూ ప్లగ్గుకి వెళ్ళాయి.”

“ఇంకోసారి చూడు.”

“చూశా. అంతే. తప్పా?”

“అక్కడైతే తప్పే. మన నూట పదికి రెండేసి జంటలుగా కలపాలి. అలా వరసగా కలిపాడంటే...”

“యాభై ఏళ్ళు రేడియోలు బాగుచేసిన మనిషి! పాపం, ఇంత చిన్నదాని దగ్గర బోల్తాపడ్డాడు. సరే, కట్టర్ చేతిలోనే ఉంది. ఆ అతుకు కోసేసి...”

“కోయకు!”

“అరవద్దన్నది నువ్వేగా.”

“కోయకురా. ఆ అతుకెలా ఉంది? చెయ్యి వణికినట్టుందా?”

“లేదే. ఎంత శుభ్రంగా ఉందో! పైన గొట్టం కూడా తొడిగాడు. పక్కన పెన్సిల్‌తో ఏదో రాశాడు... రెండొందల ఇరవై. కింద రెండు గీతలు కొట్టాడు. మనింట్లో రెండొందల ఇరవై ఎక్కడిదక్కా?”

“మా ఇంట్లో.”

“అక్కా? ‘నీది కాదు’ అన్నాడు. నేనేమో ముసలి మొండితనం అనుకున్నా... ఏడుస్తున్నావా?”

“లేదు. పొయ్యి మీద బీన్స్ మాడుతున్నాయి. పొగ.”

“గేటు చప్పుడైంది. వచ్చేశాడే! మూత పెట్టేయనా? అలమరలో దాచేయనా? చెప్పు, త్వరగా!”

“దాచకు. ఫోను నాన్నకివ్వు.”