హోబర్ట్ ప్లాస్టిక్‌ని వెనకేసుకొచ్చిన రోజు

ఏదైనా ఫర్లేదన్నావా? ఏదో ఒక పిస్తోలు ఇచ్చెయ్యమన్నావా? సరేలే వేడ్, ఇస్తా గానీ, వాన చూడు ఎలా పట్టుకుందో. ఈ తుపాకుల కొట్టు రేకుల కప్పు మీద పడుతుంటే నాకు నా మాటే వినపడదు. తొందరేముంది, ఆ స్టూలు మీద కూర్చో. కాఫీ పొద్దుటిది, తారులా ఉంటుంది, అయినా తాగు. పంచదార లేదు. అదిగో ఆ కిటికీలో మీ తేనె ఉంది, కావాలంటే వేసుకో. మీ అన్నదమ్ములిద్దరూ కిందటేడు ఇచ్చిన సీసా, ఇంకా సగముంది, పొదుపుగా తింటున్నా. నాకు తేనె కొత్తేం కాదు. మా నాన్నకి ఇరవై తేనెటీగల పెట్టెలుండేవి, నా చిన్నతనమంతా ఈగల చేత కుట్టించుకోవడంతోనే సరిపోయింది. ఏం చెప్తున్నా? ఆఁ, స్టూలు. నువ్వు కూర్చున్నది హోబర్ట్ స్టాల్‌నేకర్ స్టూలు. ఆయన పోయేటప్పటికి నీకు నాలుగేళ్లో అయిదేళ్లో. పొడుగాటి మనిషి, చెవుల్లో వెంట్రుకలు, జ్ఞాపకం లేదూ? లేకపోతే పోనీలే. నాకు మాత్రం ఇలా వాన పడే మధ్యాహ్నాలు ఆ తలుపు తోసుకుని వస్తున్నట్టే ఉంటుంది. తడిసిన కోటు వాసన, తుపాకీ నూనె వాసన, రెండూ కలిసి ముందు వచ్చేవి, తర్వాత ఆయన వచ్చేవాడు.

రైల్వే షెడ్డులో లేతు మిషను మీద ముప్పయ్యేళ్లు చేసిన చెయ్యి. వెంట్రుకవాసి తేడా ఉంటే వేలితో తడిమి చెప్పేవాడు. నడుముకి ఒకటే పిస్తోలు, ఉక్కుది. వాళ్ల నాన్న యుద్ధం నుంచి తెచ్చుకున్నది, ఆకురాయి పట్టి పట్టి దాని ట్రిగ్గర్ని వెన్నలా చేశాడు. శనివారం పొద్దున్న ఇక్కడ పదిమంది చేరితే ఎనిమిది మంది మాట్లాడేవాళ్లు, హోబర్ట్ ఒక్కడూ ఆ ఎనిమిది మందికీ సమాధానం చెప్పేవాడు. నేనేమో కొత్తగా వచ్చిన ప్లాస్టిక్ పిస్తోళ్లు తెచ్చి ఈ అద్దాల బల్లలో పెట్టాను. ఆయన ఒకటి తీసి చేత్తో తూచి, "ఒరే డెల్మరూ, దీంతో పాటు నీళ్లు చిమ్మే గొట్టం కూడా ఇస్తారా, విడిగా కొనుక్కోవాలా" అన్నాడు. అక్కణ్ణుంచి తొమ్మిదేళ్లు నడిచింది ఆ గొడవ. నేను, "అన్నా, రోజంతా చొక్కా కింద పెట్టుకు తిరిగేవాడికి బరువు తగ్గితే చాలు, నడుం నిలుస్తుంది" అనేవాణ్ణి. "నడుం నిలవనివాడు బెల్టు గట్టిది కొనుక్కోవాలి గానీ తుపాకీని తప్పు పట్టకూడదు" అనేవాడు. "ఎండాకాలం చెమటకి నీ ఉక్కు తుప్పు పడుతుంది, ఇది పట్టదు" అంటే, "తుడుచుకోలేని బద్ధకస్తుడికి పిస్తోలెందుకు, చేతికర్ర చాలదూ" అనేవాడు. "ఇందులో పదిహేడు తూటాలు పడతాయి, నీ దాన్లో ఎనిమిదే" అంటే, "ఎనిమిదింటితో కాని పనికి పరుగెత్తడమే మందు." ట్రిగ్గర్ మాట ఎత్తితే ఇక చెప్పకు. "తడిసిన అట్టముక్కని నొక్కినట్టుందిరా, ఎప్పుడు పేలుతుందో దానికే తెలీదు" అని మొహం చిట్లించేవాడు. అలాగని న్యాయం తెలీని మనిషి కాడు. కొట్టు వెనకాల, గురిచూసి కాల్చే రేంజిలో నేను నా ప్లాస్టిక్‌దానితో కాలిస్తే గుళ్లన్నీ దగ్గర దగ్గరగా పడ్డాయి ఒకసారి. గురి కాగితం దగ్గరికి నడుచుకుంటూ వెళ్లి, కళ్లజోడు పైకెత్తి చూసి, "గాలి లేదు ఇవాళ" అని వచ్చి కూర్చున్నాడు.

వాళ్లావిడ నోవలీన్. చిన్నగా ఉండేది, ఆయన భుజం దాకా కూడా వచ్చేది కాదు. బీన్సూ మొక్కజొన్న రొట్టే చేసి పంపేది, ఈ బల్ల చుట్టూ నిలబడి తినేవాళ్లం. ఆ తొమ్మిదో ఏడు అక్టోబరులో ఆవిడ పోయింది. కొండ మీద చెట్లన్నీ ఎర్రగా అయ్యే రోజులు. ఆ తర్వాత మూడు శనివారాలు ఆయన రాలేదు. మేం కూడా, మగవాళ్లం కదా, దుఃఖంలో ఉన్నాడు, కదిలించకూడదు అనుకుని ఊరుకున్నాం. ఊరుకోవడం మాకు బాగా వచ్చు. ఒక గురువారం వచ్చాడు. శనివారం కాదు, గురువారం. వానో మంచో తెలీని తుంపర. ఇక్కడే, నువ్వు ఇందాక నిలబడ్డచోటే నిలబడి, "డెల్మరూ, ఆ ప్లాస్టిక్ వాటిలో ఒకటియ్యి" అన్నాడు. నా గుండె ఎగిరి గంతేసింది నాయనా. అబద్ధమెందుకు, ఈ ముసలితనంలో. తొమ్మిదేళ్ల పందెం గెలిచానని సంబరం. "ఏదివ్వమంటావన్నా, దీనికి పిడి సన్నం, దానికి గురిముల్లు పెద్దది" అని మూడు తీసి బల్ల మీద వరసగా పెట్టాను. ఆయన చూడనైనా చూడలేదు. "ఏదైనా ఫర్లేదు" అన్నాడు. నేను నవ్వుకుంటూ కాగితాలు నింపించి, డబ్బా చేతిలో పెట్టి, పైగా వీపు తట్టి పంపించాను. శనివారం అందరికీ ఎలా చెప్పాలా అని మనసులో మాటలు పేర్చుకుంటున్నాను కూడా.

ఆ మూల మా ఆవిడ ఓపల్ కూర్చుని ఉంది, చొక్కాకి గుండీ కుడుతోంది. ఓపల్ నీకు తెలుసు, నువ్వు బళ్లో చదివేటప్పుడు నీకు మాంసం కూరిన పెప్పరోనీ రొట్టెలు పెట్టిన చెయ్యి. తల ఎత్తి, "ఆయన దాన్ని చేత్తో పట్టుకోలేదు" అంది. అయితే ఏం అన్నాను. "ట్రిగ్గర్ నొక్కి చూడలేదు. బరువెంత అని అడగలేదు. తిట్టలేదు. డెల్మర్, ఆ మనిషి ఏమీ అనలేదు." సూది గుడ్డలోనే గుచ్చి లేచింది. అప్పుడు అర్థమైంది నాకు. ఆ పిస్తోలు ఇంకెవరికోసమూ కాదు. వాళ్ల నాన్న పిస్తోలుని ఆ పనికి వాడడం ఇష్టం లేక, ఎలాగూ అసహ్యం అనుకున్నది ఒకటి పట్టుకుపోయాడు.

పొద్దువాలుతుండగా వెళ్లాం. బండి నడిపింది ఓపలే, నేను నడిపే స్థితిలో లేను. లోయంతా పొగమంచు, ఇళ్లు నీళ్లలో తేలుతున్నట్టున్నాయి. హోబర్ట్ వరండా మెట్టు మీద కూర్చున్నాడు, డబ్బా ఒళ్లో ఉంది, మూత తియ్యలేదు. ఓపల్ వెళ్లి పక్కన కూర్చుంది. నోవలీన్ సంగతి ఎత్తలేదు, దేవుడి మాట ఎత్తలేదు. "అయినా నువ్వు కొనకుండా ఉండాల్సింది హోబర్టూ, ఇవి మొత్తం ప్లాస్టిక్కేనట కదా, ఎండలో కారులో పెడితే కరిగిపోతాయట" అంది. "గొట్టంతో సహా ప్లాస్టిక్కేనట, పది గుళ్లు కాలిస్తే మెత్తబడుతుందట, మా డెల్మర్ చెప్పాడు." నేనెప్పుడు చెప్పాను? నోరు మూసుకుని నిలబడ్డాను. ఎక్కడో కుక్క మొరుగుతోంది. అప్పుడు హోబర్ట్, పాతాళంలోంచి వచ్చినట్టు గొంతు, "గొట్టం ఉక్కే, ఓపలమ్మా" అన్నాడు. "నాకలా చెప్పలేదే." "వాడికేం తెలుసు. పై తొడుగూ ఉక్కే. పిడి ఉన్న భాగం ఒక్కటే ప్లాస్టిక్. అదీ మామూలు ప్లాస్టిక్ కాదు, కొలిమి పక్కన పెట్టినా అంత తేలిగ్గా కరగదు." "ఏమో బాబూ, నేను నమ్మను" అంది మా ఆవిడ. అంతే, లేతు మిషను మనిషి కదా, తప్పు మాట విని ఊరుకోలేడు. డబ్బా తెరిచి, ఆ పిస్తోలు విప్పి ఒక్కొక్కటీ చూపించడం మొదలెట్టాడు, ఇదిగో గొట్టం, ఇదిగో స్ప్రింగు, ఇదిగో ప్లాస్టిక్‌లో పొదిగిన ఉక్కు పట్టాలు అని. ఆయన చూపించిన ముక్కని చూపించినట్టే ఓపల్ తీసుకుని తన ఏప్రన్‌లో వేసుకుంది. అన్నీ అయ్యాక ఏప్రన్ మడిచి రెండు చేతుల్తో పట్టుకుని, "హోబర్టూ, ఇవి మాతో వస్తాయి. లోపలున్న తుపాకులూ వస్తాయి. నువ్వూ వస్తావు" అంది. ఆయన తన ఖాళీ చేతులు చూసుకుని, "రేపటి పొద్దు చూడకూడదనుకున్నాను ఓపలమ్మా" అని ఏడ్చాడు. నేను కూడా ఏడ్చాను. దాందేముంది.

ఆ చలికాలమంతా ఆయన మా ఇంట్లోనే. తుపాకులన్నీ దుప్పట్లలో చుట్టి మా మేడమెట్ల కింద పెట్టి తాళం వేశాం, తాళం చెవి ఓపల్ మెళ్లో. ఎప్పుడిస్తావని ఆయనా అడగలేదు, ఎప్పుడిస్తానని ఆవిడా చెప్పలేదు. కొన్నాళ్లు ఊరికే కిటికీ లోంచి మంచు చూస్తూ కూర్చునేవాడు, నేనూ పక్కన కూర్చుని, దిద్దుతాడేమోనని ఏ తప్పు మాటో ఒకటి అనేవాణ్ణి. ఏప్రిల్లో ఒక పొద్దున్న, గోధుమరొట్టె తింటూ తింటూ, "ఒరే, నా పిస్తోలుకి ఏ నూనె రాశావు? ఆ సన్నటి నూనేనా? నీకు బుద్ధుందా, అది గడియారాలకి రాసేది" అని మొదలెట్టి గంటసేపు వాయించాడు. ఓపల్ నవ్వుకుంటూ మెళ్లో తాళం చెవి తీసి బల్ల మీద పెట్టింది. ఆ తర్వాత పదకొండేళ్లు బతికాడు. ప్లాస్టిక్‌ని తిడుతూనే బతికాడు. ఆ రోజు వరండాలో దాన్ని వెనకేసుకొచ్చావు కదన్నా అంటే, "నేనా, నువ్వు కలగన్నావు" అనేవాడు. చివరికి నిద్రలో పోయాడు, ఈ లోకంలో చెప్పాల్సిన అభిప్రాయాలన్నీ చెప్పేసి.

ఓపల్ పోయి కూడా ఆరేళ్లు. ఆవిడ ఉంటే నువ్వు తలుపు తీసిన క్షణంలోనే పట్టేసేది. నాకు కొంచెం ఆలస్యంగా వెలుగుతుంది. మీ అన్న పోయి మూడు నెలలే కదూ వేడ్. తేనెటీగల పెట్టెలన్నీ నువ్వొక్కడివే చూసుకుంటున్నావా, చూడ్డం మానేశావా? తలొంచుకోకు. నిన్నేం అననులే. వాన తగ్గింది, అయినా కూర్చో. నీ ఇంట్లో ఉన్న తుపాకులు కూడా నేను వచ్చి తెచ్చుకుంటా, దుప్పట్లు నా దగ్గరున్నాయి. మెట్ల కింద చోటుంది.

ఈ తేనె ఎంత బావుందో చూడు, దీపంలా ఉంది. ఒక్కటే నాకు ఆశ్చర్యం. ఆ పోతుటీగలు పాపం, పొద్దస్తమానం పువ్వు పువ్వుకీ తిరిగి ఇంతంత తేనె మోసుకొస్తాయి కదా, ఆడవేమో పెట్టెలో కూర్చుని తింటాయి... ఆఁ? ఏమన్నావు? కాదా? గట్టిగా చెప్పు నాయనా, నాకు వినపడలేదు.