చెవులు మూసుకొని దాటే రోడ్డు

ఇస్నాపూర్ హైవే మీద లారీల మోత కొలువనీకె వచ్చిన సారు చాయ్ తాగుతున్నడు. రోడ్డు దాటేటోళ్లందరు రెండు చెవులు మూసుకొని దాటుతున్నరు.

"మోతకు గంత పరేషాన్ అయితున్నరా అవ్వా?" అని చాయ్ పోసే ఆగమ్మను అడిగిండు.

"మోతకు కాదు సారూ. సంగారెడ్డి దిక్కు గా గోదాం గోడ సూడుండ్రి. ఆడ చెరుకుతోట ఉన్నప్పుడు సప్పుడు తోటలనే పోతుండె."

"ఇప్పుడు గోడకు తాకి మళ్లొస్తది."

"ఆఁ. ఈ పట్నం దిక్కు కిరాయి రూములు అడ్డమొచ్చి, సక్కగ వచ్చే సప్పుడు ఆగిపోతది. లారీ పట్నం దిక్కు నుంచి వస్తది, సప్పుడు గోడ దిక్కు నుంచి వస్తది. మా ఐలడు సప్పుడు దిక్కు సూస్కుంట రోడ్డు మీదికి దిగిండు."

"ఐలడు...?"

"నా కొడుకు."

సారు మెల్లగ గ్లాసు కింద పెట్టిండు. "నాకు గోడ సంగతి తెల్సు కద అవ్వా. సూసుకొని దాటుత."

రోడ్డు మీద అడుగు పెట్టంగనే గోడ దిక్కు నుంచి హారన్ మోగింది. ఆయన తల అటే తిరిగింది. ఆ దిక్కు రోడ్డంత ఖాళీ.

ఎనుక నుంచి ఆగమ్మ అంగి పట్టి గుంజింది. ముందటి నుంచి లారీ గాలి కొట్టుకుంట పోయింది.

"గోడ సంగతి మా ఐలనికి గూడ తెల్సు సారూ."