వగరెక్కిన జామాకు

హలో… ఆ, నేనే. మొక్కల నర్సరీ నుంచి అన్నయ్యని. పిల్లలు పడుకున్నారా? సరే, నువ్వు గుసగుసగానే మాట్లాడు, నా గొంతు మాత్రం తగ్గదు.

మీ డే-కేర్ నుంచి నిన్న వెనక్కి తెచ్చానే, జామ మొక్క… అదే, పిల్లలు పడుకునే గదిలో మూలనున్నది. ఆకులు కంచు రంగు తిరిగాయి. పైవైపు మాత్రమే.

…నీళ్ళెక్కువై కాదు. ముప్ఫయ్యేళ్ళుగా మట్టి పిసుకుతున్నవాణ్ణి, నాకు చెప్పకు!

…విను తల్లీ. నా మేక వాసన చూసి మూతి తిప్పేసుకుంది. పాత చీపురు కూడా నమిలేసే మేక! నేనూ ఓ ఆకు నమిలి చూశా. నాలుక ముడుచుకుపోయింది, అంత వగరు.

…నవ్వకు. నీడలో పెరిగిన మొక్కని ఒక్కసారిగా ఎండలో పెడితే ఇలాగే అవుతుంది. ఎండలో కంటికి కనపడని కిరణాలుంటాయి, అతినీలలోహిత కిరణాలంటారు చూడూ, అవి తగిలితే ఆకు తన ఒంట్లో రసమే మార్చేసుకుంటుంది. వగరు పెంచుతుంది, రంగు ముదురుతుంది. అదే దాని గొడుగు. అదీ చాలకపోతే కాలిపోతుంది.

…నేనూ అదే అంటున్నా! నల్ల పరదాలేసిన గదిలో ఎండెక్కడిది? మరి గొడుగెందుకు పట్టింది?

…ఏ లైటు?

…క్రిముల్ని చంపేదా? సాయంత్రం అందరూ వెళ్ళాక వేస్తారన్నావుగా?

…రోజంతానా! ఎప్పట్నుంచి? …వారమా. ఎందుకూ?

…కళ్ళకలక. ఎంతమందికి? …పన్నెండు మందిలో తొమ్మిది మందికి. మరి నీ కూతురికో, మన చిట్టికి? …బడికి సెలవులని ఇవాళే తెచ్చావా. దానికి లేదు కదా. బతికించావు.

ఆగు. ఏది ముందు? కళ్ళెర్రబడ్డమా, పగలు లైటెయ్యడమా?

…బాగా గుర్తు తెచ్చుకో.

…జలుబులని ఓ మధ్యాహ్నం వేశారు. ఆ రాత్రే కళ్ళల్లో ఇసుక పోసినట్టుందని పిల్లలు ఏడ్చారు. కలకనుకుని, క్రిములు చావాలని ఇంకా వేశారు. అంతేనా?

…చెల్లాయ్, అది కలక కాదు. ఆ లైటులోంచి వచ్చేవీ ఆ అతినీలలోహిత కిరణాలే. కంచే చేను మేస్తోంది.

…మీ డే-కేర్ మేడమ్ చదువుకుంటే చదువుకుంది! ఆ లైటు డబ్బా మీదది చదివిందా? మనుషులుండగా వెయ్యకూడదని దానిమీదే ఉంటుంది!

…ఉద్యోగం పోతే నా దగ్గరికొచ్చి కుండీలు మొయ్యి. నువ్విప్పుడు ఎక్కడున్నావ్? …ఆ గదిలోనే? …వెలుగుతోందా?

పైకి చూడకు! చూడొద్దంటున్నానా!

…స్విచ్చి? …ఆఫీసు గదిలో. మెయినూ అక్కడేనా? …తాళమేసి భోజనానికెళ్ళిందా మహాతల్లి! సరే, తాళం సంగతి వదిలెయ్. అందర్నీ వరండాలోకి మోసెయ్.

…ఎవర్ని ముందంటే… మొక్క తీసిన మూల ఖాళీయేగా? ఆ లైటు వెలుగు నేరుగా కింద పడేది అక్కడే.

…

…ఎందుకు పడుకోబెట్టావ్ అక్కడ?

…మిగతా పిల్లల కలక అంటుకోకూడదని. వేరేగా. …చిట్టినా.

…ఏడవకు. ఎంతసేపైంది?

…సరే. లెక్కలొద్దు. ఆ జామాకుకి గొడుగుంది, చిట్టికి లేదు. ఫోను కింద పెట్టెయ్, నీకు రెండు చేతులూ కావాలి.