మెట్ల కింద మంట

నా జ్ఞాపకం మీద నాకే పూర్తి నమ్మకం లేదు చెల్లెమ్మా. ఎవరు ముందు అరిచారు, కుర్చీ ఎప్పుడు పడింది అంటే తడబడతాను. మీ ఆయన దవడ విరిగిన చప్పుడు మాత్రం చెవిలోంచి పోవడం లేదు. ఎండుపుల్లలా విరుగుతుందనుకుంటాం. కాదు, పచ్చికొమ్మ విరిచినట్టుంటుంది.

ఆటకోసమా అంటావు. ఆటకోసమే మరి. దర్జీ కొట్లో, గుడ్డలు కత్తిరించే బల్ల చుట్టూ ఆదివారాలు మేం ఆడే ఆట. పాచికలేస్తాం, నరుక్కుంటాం, మంత్రాలు ప్రయోగిస్తాం, అంతా మాటల్లోనే. మీ ఆయన మాంత్రికుడు. నేను కథ నడిపేవాణ్ని, తగువొస్తే తీర్పు చెప్పేవాణ్ని. దర్జీది వైద్యురాలి పాత్ర. నిజానికది అతని భార్యది. ఆవిడ పోయాక ఎవరికీ ఇవ్వకుండా తనే ఆడుతున్నాడు, ఆవిడ మాటతీరులోనే. ఎవరమూ నవ్వలేదు, మీ ఆయన తప్ప.

నిన్న ఆటలో, ఓ నేలమాళిగలో శత్రువులు చుట్టుముట్టారు. మీ ఆయన అగ్నిమంత్రం వేశాడు. వైద్యురాలేమో మెట్ల కింద నక్కి ఉంది. మంట మూలలు తిరిగి పాకుతుందని ఆట నియమాల పుస్తకంలో ఉంది. గట్టి అడ్డం వెనకున్నవాళ్లు బతుకుతారనీ ఆ పేజీలోనే ఉంది. మెట్ల కింద చోటును ఏమనుకోవాలి?

"రాతిమెట్లు మాస్టారూ, మంటెలా దిగుతుంది?" అన్నాడు దర్జీ.

"పక్కంతా తెరిచే ఉందిగా. పొగ దూరే చోట మంట దూరదా?" అన్నాడు మీ ఆయన.

"మంత్రం వెనక్కి తీసుకో బావా," అన్నాను.

"ఎందుకూ? ఎలాగూ పోయిన మనిషే. ఈసారైనా పూర్తిగా పోనీ."

చాలాసేపు ఆలోచించాను. పక్క తెరిచే ఉంది. కాలిపోతుందన్నాను. ఇప్పుడడిగినా అదే అంటాను.

ఎవరైనా చనిపోతే ఎలా చనిపోయారో వర్ణించడం నా పని. జుట్టంటుకుందన్నాను. చర్మం బొబ్బలెక్కి ఊడొస్తోందన్నాను. "అరుపెలా ఉందో చెప్పు, దాటెయ్యకు," అన్నాడు మీ ఆయన. దర్జీ లేచాడు.

మొదటి దెబ్బ ఇస్త్రీపెట్టెతో భుజం మీద. రెండోది దవడ మీద. పళ్లు పాచికల మధ్య రాలాయి. కత్తిరించడానికి పరిచిన తెల్లగుడ్డ ఎర్రబడింది.

ఊఁ, వింటున్నాను. దర్జీ లాకప్పులో ఉన్నాడు, హత్యాయత్నం కింద ఏళ్ల తరబడి లోపలే ఉంచాలంటావు. పోలీసులకి చెప్పిన ముక్కే జడ్జిముందూ చెప్పమంటావు: మధ్యలోకెళ్లి విడదీయబోయానని.

అలా చెప్పలేనమ్మా. అందులో ఒకటి కావాలనే వదిలేశాను. మొదటి దెబ్బతో దర్జీ ఆగిపోయాడు. చేతిలోది దించేశాడు కూడా. మీ ఆయన తలుపువైపు పరుగెత్తాడు. వెనకనుంచి రెండు చేతులూ మెలిపెట్టి పట్టుకున్నది నేను. పట్టుకుని, దర్జీవైపు తిప్పాను.