తూర్పింట్లో పెట్టిన సంచి

"అవ్వా, వచ్చే శని ఆదివారాలు రైల్లో పాండిచ్చేరికి పోదామనుకుంటాండాము. నువ్వెప్పుడన్నా పోయినావా?"

యాడ పోయినా పాపా. పొయ్యేదానికి సంచి సర్దినా, అంతే. కూసో సెప్తా.

మీ తాత ఈడ ఆదోనిలో దూది బేరం సేస్తాండె గదా. తమిళం పక్క నుంచి ఒకాయప్ప దూది కొనేదానికి వస్తాండె. ఆయప్ప మనింట్లో బొరుగుల వగ్గాణి తింటా సెప్పినాడు, పాండిచ్చేరి ఫ్రెంచోళ్లు కట్టిన పాత ఊరు, వీధులన్నీ సీదాగా పోయి సముద్రం కాడ నిలబడతాయి, పోలీసోళ్లు ఎర్రటోపీలు పెట్టుకుంటారు అని. టోపీల సంగతి నాకెందుకు గానీ, సముద్రం సూడల్లని శానా ఆశయింది. మన పక్క నీళ్లంటే తుంగభద్రే గదా, అదీ ఎండాకాలం రాళ్లు తేలి ఉంటాది.

మీ తాతను ఎన్నాళ్లు అడిగినానో. ఆకరికి సరే అన్నాడు. శనివారం మధ్యాన్నం మద్రాసు బండి, ఆడినుంచి ఇంకో బండి. టికెట్లు తెచ్చి నా సేతికిచ్చినాడు. మా అత్త ఊరుకుంటాదా? శనివారం తూర్పుకు పోగూడదు, వారశూల అనింది. అట్లాంటప్పుడు ముందురోజే పరస్తానం పెడతారు, మీకు తెల్దులే. మంచి గడియ సూసి, పొయ్యే దిక్కున ఉండే వాళ్లింట్లో మన సంచి పెట్టొచ్చేది. ఇంగ పయనం ఆ పొద్దే మొదలైనట్టు లెక్క. శుక్రవారం పొద్దున్నే, కాదు కాదు, మజ్జిగ సిలికినాంక, తూర్పింటి సుశీలమ్మ కాడ పెట్టొచ్చినా. కోకలు, ఓళిగలు, టికెట్లు, అన్నీ దాంట్లోనే. టికెట్లు పెట్టమని ఎవరూ సెప్పలే. అది నా తెలివి.

శనివారం పొద్దున సూస్తే సుశీలమ్మ ఇంటికి బీగం. ఎమ్మిగనూరులో వాళ్ల సెల్లెలికి నొప్పులొచ్చినాయంట, మొదటి బస్సుకే పోయింది. బీగం పగలగొడదామంటే మీ తాత ఒప్పుకోలే, పరాయోళ్ల తలుపు అన్నాడు. బీగంసెవి తెస్తానని స్కూటరేసుకొని ఎమ్మిగనూరికి పోయినాడు.

ఆయన అట్ల పోయినాడు, సుశీలమ్మ ఇట్ల బస్సు దిగింది. మగబిడ్డంట. నీ సంచి గుర్తొచ్చి ఉరికొస్తినమ్మా అనింది. ఆ కాలంలో ఫోన్లు యాడివి? ఎమ్మిగనూరులో సంగతి తెలిస్తే మీ తాత నేరుగా టేసనుకే వస్తాడులే అని, సంచి పట్టుకొని నేనొక్కదాన్నే పోయినా.

బండి వచ్చింది. మీ తాత రాలే. సంచిలో టికెట్లుండాయి. ఒక కాలు మెట్టు మీద పెట్టినా. లోపల ఎవరో ఒకామె, రామ్మా జల్ది అని సెయ్యి గూడా ఇచ్చింది. మళ్ల కాలు దించుకున్నా.

బండి పోయినాంక వచ్చినాడు, సొక్కా అంతా దుమ్ము. ఆడ్నే బెంచీ మీద కూసోని ఇద్దరం ఓళిగలు తిన్యాము. మళ్లెప్పుడన్నా పోదాంలే అన్నాడు. దూది సీజను వచ్చె, కాన్పులు వచ్చె, ఆయనా పాయె.

బాధంటావా? బండి పోయినందుకు గాదు పాపా. ఆ కాలు దించినందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం.

ఏమీ? నన్నూ రమ్మంటాండావా? నా మోకాళ్లు సూసినావా... శనివారమేనా? కానీలే. పరస్తానం గిరస్తానం వద్దు, సంచి నా ఒళ్లోనే ఉంటాది. టికెట్టు ఫోన్లో ఉంటాదా? నాదొకటి కాగితం మీద తీసి ఈ కొంగుకు కట్టు.

సల్లగుండు తల్లీ. ఒకటే సెప్తాండా, టేసనుకు జల్ది రా. బండొచ్చి నువ్వు రాలేదనుకో, నేను ఎక్కేస్తా.