తాళం వేసిన ఫైలు

లిథువేనియా రాజధాని విల్నియస్‌లో, బెలారుస్ ప్రభుత్వానికి భయపడి పారిపోయి వచ్చినవాళ్లకు సాయం చేసే చిన్న ఆఫీసు అది. కంప్యూటర్లు చూసే అతను రష్యాలో తయారైన యాంటీవైరస్‌ను తీసేస్తుంటే, జాబితాలు రాసే ఆవిడ కోటైనా విప్పకుండా పక్కనే నిలబడింది.

“మంచిదని పెట్టింది నువ్వేగా?”

“ఇప్పటికీ మంచిదే అక్కా. వైరస్‌లను బాగానే పడుతుంది. తయారుచేసినవాళ్లు రష్యా ప్రభుత్వం మాట వింటే, అది బెలారుస్‌ వాళ్ల చెవిన పడుతుందన్నదే భయం.”

“మన ఫైళ్లన్నీ చూస్తుందా?”

“చూడకపోతే కాపలా ఎలా కాస్తుంది? అనుమానమొస్తే మాత్రం, పరీక్షకు వాళ్ల కంపెనీకి పంపనా అని అడుగుతుంది.”

“పోయిన వారం నన్నడిగింది.”

“ఏ ఫైలు?”

“బెలారుస్‌లో, హ్రోద్నా ఊళ్లో మనం రహస్యంగా మందులు పంపే ఇళ్ల జాబితా. భద్రంగా ఉంటుందని పాస్‌వర్డ్‌తో తాళం వేశాను. ఆ తాళం చూసే దానికి అనుమానమొచ్చింది.”

“పంపమన్నావా?”

“ఇన్నేళ్లూ మనల్ని కాచిందే కదా అని సరేనన్నాను.”

“పోనీలే, పాస్‌వర్డ్ లేకుండా తెరవలేరు.”

“అందరూ మరిచిపోతున్నారని ఫైలు పేరులోనే రాశాను.”

అతను మౌస్ వదిలేసి ఆవిడ వైపు తిరిగాడు.

“ఎవరైనా చదివుంటారా?” అంది ఆవిడ.

“తెలుసుకునే దారే లేదక్కా.”

“ఆ ఇళ్లవాళ్లకి ఫోన్ చేసి చెప్పనా?”

“చేస్తే, అక్కడ ఫోన్లు చాటుగా వినేవాళ్లకు ఆ ఇళ్లు ఇవేనని మనమే చూపించినట్టు.”

తీయబోయిన ఫోన్‌ను ఆవిడ కోటు జేబులోనే వదిలేసింది. అతనే మళ్లీ అడిగాడు.

“కంపెనీ నుంచి జవాబేమైనా వచ్చిందా?”

“మర్నాడే వచ్చింది. ‘మీ ఫైలు పరీక్షించాం, ప్రమాదమేమీ లేదు’ అని.”